అప్‌డేట్: ఫోర్క్‌లో లాక్ తగ్గించాను, సమస్య తీరింది

మా బుల్లి కెర్నల్‌లో (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్రాసెసర్ కోర్లు పెంచితే ఫోర్క్ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు, అంటే ప్రాసెస్‌కు, నకలు తీసి పిల్ల ప్రాసెస్‌ను పుట్టించడం) ఇంకా నెమ్మదిస్తోందని అడిగాను కదా, అందరికీ థాంక్స్. "ప్రాసెస్ లిస్టులో కలపకముందు పిల్ల ప్రాసెస్‌ను చూసేదెవరు, లాక్ దేనికి?" అన్న సలహానే పనిచేసింది. లాక్ అంటే ఒక డేటాను ఒకేసారి ఒకరే ముట్టుకునేలా వేసే తాళం. నేను ప్రాసెస్ లిస్టు లాక్ మొదట్లోనే పట్టుకుని, పేజీ టేబుళ్లు (ప్రాసెస్ మెమరీ ఎక్కడుందో చెప్పే పట్టికలు) కాపీ అయ్యేదాకా వదలట్లేదు, మిగతా కోర్లు దానికోసం ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు పీఐడీ (ప్రాసెస్ నంబరు) ఇచ్చేచోట, లిస్టులో చేర్చేచోట మాత్రమే ఉంచాను. లినక్స్ కూడా ఫోర్క్‌లో టాస్క్‌లిస్ట్ లాక్‌ను (దాని ప్రాసెస్ లిస్టు లాక్) చివర్లోనే తీసుకుంటుంది.

ఉత్సాహంలో తండ్రి ప్రాసెస్ ఫైల్ టేబుల్ (తెరిచిన ఫైళ్ల పట్టిక) లాక్ కూడా పీకేశాను. ఆ పట్టిక కాపీ మధ్యలో అదే ప్రాసెస్‌లోని ఇంకో థ్రెడ్ (పక్కపక్కనే నడిచే పని) ఫైల్ మూసేసింది, కెర్నల్ పానిక్ (కెర్నల్ మొత్తం ఆగిపోవడం)! ఆ లాక్ మళ్లీ పెట్టేశాను.

కెర్నల్‌ను నడిపే ఎమ్యులేటర్ (సాఫ్ట్‌వేర్‌తో చేసిన నకిలీ కంప్యూటర్) సెట్టింగులకు ఈ నెమ్మదితో సంబంధం లేదు. గుంటూరు ఎండకు లాప్‌టాప్ వేడెక్కి స్లో అయిందనీ అనుమానించాను. పాపం, దాని తప్పేం లేదు.