కాలిఫోర్నియాలో కారుకు మారు తాళం చెవి: యజమాని ఊళ్లో లేనప్పుడు లాక్‌స్మిత్ చేసివ్వవచ్చా?

కాలిఫోర్నియా చట్టం గురించి తెలిసినవారు దయచేసి సలహా ఇవ్వగలరు. మా అక్క పేరిట రిజిస్టరైన కారుకున్న రెండు తాళం చెవులూ పోయాయి. అక్క ప్రస్తుతం అమ్మ వైద్యం నిమిత్తం గుంటూరులో ఉంది. కారును టో చేయించి తమ దగ్గరకే తేవాలని, అక్క స్వయంగా వస్తే తప్ప కొత్త తాళం చెవి ఇవ్వబోమని డీలరు చెబుతున్నారు.

ఈ రాష్ట్ర వెహికల్ కోడ్ (వాహన చట్టం)లోని 9954వ సెక్షన్ ప్రకారం, 2008 నుంచి కార్ల తయారీదారులు మారు తాళం చెవి చేయడానికి కావలసిన సమాచారాన్ని రిజిస్టర్డ్ లాక్‌స్మిత్‌లకు (నమోదైన తాళాల పనివారికి) రాత్రింబవళ్లు అందుబాటులో ఉంచాలి. సమాచారం తీసుకునే ముందు లాక్‌స్మిత్ తాళం చెవి అడిగినవారి డ్రైవింగ్ లైసెన్సునూ, రిజిస్ట్రేషన్‌నూ, బండి మీది విన్ నంబరునూ (వాహన గుర్తింపు సంఖ్యనూ) స్వయంగా సరిచూసుకోవాలి. తాళం చెవి చేయడానికి వాడే ఆ కోడ్లు దొంగల చేతికి చిక్కకుండా ఉండాలంటే ఇంత జాగ్రత్త అవసరమేనని నేనూ గట్టిగా నమ్ముతాను. అయితే అడిగేది కుటుంబ సభ్యులైతే, వారి చిరునామా రిజిస్ట్రేషన్‌లో గానీ ఇన్సూరెన్సు కార్డులో గానీ ఉన్న యజమాని చిరునామాతో సరిపోవడాన్ని ఆధారంగా తీసుకోవచ్చన్న వెసులుబాటు కూడా అందులో ఉందని అర్థం చేసుకున్నాను.

మా ఇద్దరి చిరునామా ఒక్కటే; పెళ్లి తర్వాత అక్క ఇంటిపేరు మారింది. ఇటువంటి స్థితిలో లాక్‌స్మిత్‌లు చిరునామాతోనే సరిపెట్టుకుంటారా, లేక అక్క నుంచి నోటరీ చేయించిన అంగీకార పత్రం అడుగుతారా? లాక్‌స్మిత్ రాష్ట్ర లైసెన్సు పొందినవారో కాదో, నాస్ట్‌ఫ్ (వాహన తాళాల సమాచారం పొందే లాక్‌స్మిత్‌లను నమోదు చేసే అమెరికా సంస్థ) జాబితాలో నమోదైనవారో కాదో ముందుగా ఎలా నిర్ధారించుకోవాలి? ఈ పని చేయించుకున్నవారు ఏయే పత్రాలు చూపించవలసి వచ్చిందో తెలిపితే ఎంతో మేలు చేసినవారవుతారు.