ఒక్కడినే నడిపే మ్యూజియం నుంచి సదస్సుకు వెళ్ళవచ్చా?

ప్రశ్న:
నమస్కారం. మాది ఒక గ్రంథాలయం మేడమీద ఉన్న రెండు గదుల మ్యూజియం. క్యురేటరు, గైడు, టికెట్లు చింపేది, బూజు దులిపేది అన్నీ నేనే. ఈసారి భారత మ్యూజియంల సంఘం వార్షిక సదస్సుకు వెళ్ళాలని ఉంది. మా కార్యదర్శిగారేమో "వెళ్ళి ఏం తెస్తావయ్యా?" అన్నారు. నోట మాట రాలేదు. పత్రం సమర్పించి తీరాలా, ఊరికే విని రావచ్చా? నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడాలంటే బెరుకు. మూడు రోజులు తలుపులు మూయాలి. పైగా మా దగ్గర ఒక కొయ్య గుర్రం ఉంది, ఒకప్పుడు గుడిలో వాహనం. దాని కింద రోజూ పొడి రాలుతోంది. ఊడుస్తాను, మర్నాటికి మళ్ళీ అంతే. దాన్ని అలా వదిలి వెళ్ళడానికి మనసొప్పడం లేదు.

జవాబు (రిటైరైన క్యురేటరు):
వెళ్ళు బాబూ. ఆ సంఘం 1944లో పుట్టింది, పెద్ద మ్యూజియంల వాళ్ళ సొత్తేమీ కాదు. నా మొదటి సదస్సులో వేదికమీద ఎవరేం చెప్పారో ఒక్కటీ గుర్తులేదు. భోజనాల వరుసలో నా వెనక ఒక పరిరక్షణ రసాయనవేత్త నిలబడ్డారు. తాళపత్రాలకు ఎవరో అంటించిన సెల్లోటేపును గోటితో పీకుతున్నానని మాటల్లో అన్నాను. ఆయన పళ్ళెం పక్కన పెట్టేసి, అరగంటసేపు నాకు పాఠం చెప్పారు. పప్పు చల్లారిపోయింది కానీ మా తాళపత్రాలు బతికాయి.
పత్రం జోలికి మొదటిసారే పోకు. విను, చూడు, పరిచయాలు చేసుకో. సెలవు సంగతి పది రోజుల ముందే బోర్డు రాసి తలుపుకు తగిలించు, చుట్టుపక్కల బడులకు కబురు పెట్టు.

జవాబు (ఒక ట్రస్టు మ్యూజియం ఉద్యోగిని):
పెద్దవారి మాటకు అడ్డు చెబుతున్నందుకు మన్నించాలి. పత్రం ఇవ్వమనే నేనంటాను. పత్రం ఆమోదించారన్న ఉత్తరం చేతిలో ఉంటే కార్యదర్శిగారు ప్రయాణ ఖర్చు మంజూరు చేయడం తేలికవుతుంది. చదివాక మనుషులు మనల్ని వెతుక్కుంటూ వస్తారు కూడా. "వారసత్వ పరిరక్షణలో మ్యూజియంల పాత్ర" లాంటి శీర్షిక మాత్రం వద్దు, అది విని నిద్రపోని వాళ్ళను నేను చూడలేదు. "ఒక కొయ్య గుర్రం, ఒక ఉద్యోగి" అని పెట్టండి. సంగ్రహం పంపే గడువు సదస్సుకు చాలా ముందే ముగిసిపోతుంది, చూసుకోండి.

జవాబు (పరిరక్షణ పని చేస్తున్న మరొకరు):
మీరిద్దరూ సదస్సు గురించి మాట్లాడుతున్నారు, నాకు ఆ గుర్రం మీదే బెంగగా ఉంది. అన్నయ్యా, ఆ పొడిని ఊడ్చి పారేయకండి. గుర్రం కింద నల్ల కాగితం పరచండి. మర్నాడు పడినదాన్ని వేళ్ళ మధ్య నలిపి చూడండి. మైదాపిండిలా మెత్తగా ఉంటే చెక్కను తొలిచే పెంకు పురుగు. గసగసాల్లా గింజలుగా తగిలితే పొడిచెక్కలో కాపురం పెట్టే చెదపురుగు, అది దాని రెట్ట. రెండింటి వైద్యం ఒకటి కాదు. రంధ్రాలు కూడా చూడండి: అంచులు పదునుగా, లోపల చెక్క లేత రంగులో ఉంటే కొత్తవి. కిరోసిన్ మాత్రం పూయకండి, పాత రంగులు పోతాయి.
కాస్త పొడి చిన్న గాజు సీసాలో వేసి, తేదీ రాసి సదస్సుకు తీసుకువెళ్ళండి. స్కేలు పక్కన పెట్టి తీసిన ఫొటోలు నాలుగు. గుర్రాన్ని మోసుకుపోనక్కరలేదు! ఆ సీసా చూపిస్తే ఇంగ్లీషు అవసరం సగం తీరిపోతుంది.
అడగవలసింది కూడా చెబుతాను. హైదరాబాదు స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని ఆక్సిజన్ లేని గాజుపెట్టెలో ఉంచారు. అదే సూత్రం చిన్న మ్యూజియంలలోనూ పనిచేస్తుంది. వస్తువును ఆక్సిజన్ పీల్చే పొట్లాలతో కలిపి సంచిలో మూసి కొన్ని వారాలు ఉంచితే లోపలి పురుగు చస్తుంది. మామూలు పాలిథీన్ చాలదు, దానిలోంచి గాలి దూరుతుంది. గాలి చొరబడని ఆ షీటు ఎక్కడ కొంటున్నారు, గుర్రమంత పెద్దదానికి ఎలా అతికిస్తున్నారు? చేసినవాళ్ళను పట్టుకుని అడగండి. మీ కార్యదర్శిగారికి జవాబు అదే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. కార్యదర్శిగారికి ఇదంతా చదివి వినిపించాను. "సరే, ఆ మూడు రోజులూ నేను కూర్చుంటాలే" అన్నారు. అన్నారే గానీ టికెట్ల పుస్తకం ఎక్కడుందో ఆయనకు తెలియదు. పత్రం సంగతి ఇంకా తేల్చుకోలేదు.
నిన్న రాత్రి నల్ల కాగితం పరిచాను. పొద్దున వెళ్ళి చూశాను. గసగసాలే. ఎడమ వెనక కాలి కిందే కుప్పగా ఉన్నాయి, మిగతా మూడు కాళ్ళ దగ్గర కాగితం శుభ్రంగా ఉంది.