చెన్నైలో ఐ-పిల్ ఎక్కడ దొరుకుతుంది?

మాది నెల్లూరు, ఇప్పుడు వేళచేరిలో ఉంటున్నాం. నిన్న రాత్రి కండోమ్ చిరిగింది. గర్భం రాకుండా వెంటనే వేసుకునే మాత్ర ఐ-పిల్ అడిగితే మెడికల్ షాపాయన "ఇల్లైమ్మా" (లేదమ్మా) అంటూ మా ఆయన్ని ఎగాదిగా చూశాడు. డాక్టర్ చీటీ ఉండాలా?

— అక్కర్లేదమ్మా. ఐ-పిల్ అంటే లెవోనార్జెస్ట్రెల్ అనే మందు 1.5 మిల్లీగ్రాముల మాత్ర, దాన్ని చీటీ లేకుండానే అమ్మొచ్చు. ఇక్కడ చాలా షాపులవాళ్లు అసలు తెప్పించరు. 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. వాళ్లతో వాదిస్తూ కూర్చోకు, ఇంకో షాపు చూడు.

— దొరక్కపోతే గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లు. 5 రోజుల్లోపు కాపర్-టీ (గర్భసంచిలో పెట్టే చిన్న సాధనం) వేయించుకుంటే మాత్రకంటే గట్టి నమ్మకం. ప్రభుత్వాసుపత్రిలో డబ్బు అడగరు, ఓపిక మాత్రం కావాలి.

— నేనైతే ఊరెళ్లినప్పుడే ఈ మాత్ర కొని బీరువాలో పెడతా. అత్తగారు చూస్తే తలనొప్పి మాత్రంటా! గడువు తేదీ చూసుకో అక్కా.