సమస్యాపూరణం: గురువు కన్న లఘువె బరువు గాదె

శారదసంధ్య (సమస్య ఇచ్చినవారు): ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాను.

గురువు కన్న లఘువె బరువు గాదె

గురువు, బరువు: రెంటిలో రెండో అక్షరం "రు" కలిసి ప్రాసయతి చెల్లింది. గురుశిష్యుల శ్లేష జోలికి వెళ్లకుండా ఆంగ్ల ఛందస్సు పరంగా పూరించండి. మనం అక్షరం పలికే కాలాన్ని కొలుస్తాం: ఎక్కువసేపు పలికేది గురువు, తక్కువసేపు పలికేది లఘువు. ఆంగ్ల పద్యం నడిచేది ఊనిక మీద, అంటే అక్షరాన్ని ఒత్తి పలకడం మీద. ఇరవై ఏళ్లుగా ఆంగ్ల పాఠం చెబుతున్నా, ఈ ఒక్క సంగతి దగ్గర పిల్లలు తడబడని ఏడాది లేదు.

ఏటిగట్టు:

ఆంగ్ల కవితలోన నక్షరమ్ముల కొల్త
ఊనికొకటె గాని యొడలు గాదు;
తొలుత పొట్టి పలుకు దొరయయ్యె మోతలో
గురువు కన్న లఘువె బరువు గాదె

శారదసంధ్య: నడక బాగుందండి. "ఒడలు" మాత్రం యతి పిలిస్తే వచ్చిన మాట. మీరు చెప్పదలచింది నిడివి కదా! ఇలా మార్చి చూడండి:

నిలుచు నూనికపయి, నిడివిఁ గాదు

మూడో పాదంతో నాకు పేచీ ఉంది. ఆ పొట్టి పలుకు ఏ మాటలోదో చెప్పలేదు. ఆంగ్లంలో ఊనిక ఎప్పుడూ మొదటి అక్షరానిదే అనుకునే ప్రమాదం ఉంది. "బిగిన్"లో రెండోదే బరువు. "రికార్డు" నామవాచకమైతే ఊనిక ముందు, క్రియ అయితే వెనక. అర్థం మారితే గురువు చోటు మారడం మన ఛందస్సు ఎరగని సంగతి.

ఏటిగట్టు: సవరణ శిరోధార్యం. మాట పేరు పెట్టి మళ్లీ రాస్తాను.

మలిపొద్దు: ఆ మాట నేను తెచ్చాను.

తలగడను "పిలో"గఁ బలికెడు నోటిలో
మొదటి పలుకె మోగు, ముడుగు మలిది;
నిడివి చూచి కొలువ నీ గజమ్మేటికి?
గురువు కన్న లఘువె బరువు గాదె

వానకోయిల: మనం "పిల్లో" అని రాస్తాం కదండీ? అప్పుడు ద్విత్వం ముందున్న "పి" గురువే. పూరణ నిలుస్తుందా?

మలిపొద్దు: రెండు "ల"లు రాతలోవే. ఆంగ్లేయుల నోట ఒక్కటే వినిపిస్తుంది. "పి" హ్రస్వం, "లో" దీర్ఘం. మన లెక్కకు అది లగం (లఘువు, తర్వాత గురువు). వారి చెవికి గలం (గురువు, తర్వాత లఘువు). "ఎల్లో" కూడా అంతే. ద్విత్వం పెట్టి ఆ బరువుకు మనమే గురుత్వం ఇచ్చేశాం.

శారదసంధ్య: ఈ జవాబు పూరణ కన్నా మిన్న! "నీ గజమ్మేటికి" దగ్గర చప్పట్లు కొట్టాను.

దీనికి తిరగబడ్డ రూపం ఆంగ్ల కవి థామస్ గ్రే రాసిన విలాప కవిత "ఎలిజీ" మొదటి పాదంలో ఉంది. అది అచ్చయింది 1751లో. మాట మాట విడదీసి చదవండి: ద కర్ఫ్యూ టోల్స్ ద నెల్ ఆఫ్ పార్టింగ్ డే. పది అక్షరాలు. మన పద్ధతిలో రెండు "ద"లు తప్ప ఎనిమిదీ గురువులే. ఇప్పుడు బల్ల మీద చేత్తో కొడుతూ చదవండి. దెబ్బ పడేది కర్, టోల్స్, నెల్, పార్, డే: ఈ ఐదింటి మీదే. అంత సాగే "ఫ్యూ" మీద దెబ్బ లేదు. ఈ నడకకు అయాంబిక్ అని పేరు. పేరు గ్రీకులది, వారిది మనలాంటి నిడివి లెక్కే. ఆంగ్లేయులు పేరు తెచ్చుకుని, నిడివి ఉన్న చోట ఊనికను కూర్చోబెట్టారు. ఆంగ్ల పద్యాన్నీ నిడివితోనే కొలవవచ్చని థామస్ కాంపియన్ అనే ఆంగ్ల కవి 1602లో పుస్తకమే వేశాడు. భాష ఆ దారి పట్టలేదు.

వానకోయిల: బల్ల మీద కొట్టి చూశానండి. "ఫ్యూ" దగ్గర చెయ్యి తనంతట తానే ఆగిపోయింది. నా పూరణ:

గంట మోగు వేళ "కర్ఫ్యూ" తుది పలుకు
నిడివి కలిగి కూడ నిలువలేదు;
పిన్న "పి"ని నిలిపెనుఁ బేర్మితో నూనిక
గురువు కన్న లఘువె బరువు గాదె

ఏటిగట్టు: "పి"కి, "పే"కి యతి కుదిరింది. నేను కొత్తగా రాయవలసినది మీరే రాసేశారు.