గుర్రానికి ఇన్సూరెన్స్ తీసుకోవాలి, కంపెనీ ఎలా ఎంచుకోవాలో చెప్పండి ప్లీజ్

మా ఆడగుర్రానికి 11 ఏళ్లు, రేసులకి కాదు, రోజూ స్వారీకి, అప్పుడప్పుడు చిన్న జంపింగ్ పోటీలకి. ఇన్నాళ్లూ ఇన్సూరెన్స్ లేకుండానే నెట్టుకొచ్చాం కానీ పోయిన నెల పక్కవాళ్ల గుర్రానికి కోలిక్ (తీవ్రమైన కడుపునొప్పి) వచ్చి ఆపరేషన్ దాకా వెళ్లింది, పాపం అది పడ్డ బాధ, ఆ బిల్లు చూశాక నాకు నిద్ర పట్టట్లేదు.

ముగ్గురిని అడిగితే మూడు రేట్లు చెప్పారు. గుర్రం విలువలో ఇంత శాతం అని ప్రీమియం వేస్తారు, వయసుని బట్టి, చేసే పనిని బట్టి మారుతుంది, అంతవరకు అర్థమైంది. చనిపోతే వచ్చే కవర్ వేరు, వైద్యం ఖర్చుల కవర్ వేరు అంట, రెండూ తీసుకుంటే బాగా ఎక్కువవుతోంది.

అసలు సమస్య ఏంటంటే రెండేళ్ల కింద దాని ముందుకాలి టెండన్ (కండరాన్ని ఎముకకి కలిపే పట్టీ) దెబ్బతింది, ఇప్పుడు బానే ఉంది. ఒకళ్లు ఆ కాలికి అస్సలు కవర్ ఇవ్వం అంటున్నారు, ఇంకోళ్లు ఇప్పటికి ఆ కాలికి కవర్ ఉండదు, ఏడాది తర్వాత వెట్ (పశువుల డాక్టర్) రిపోర్ట్ బాగుంటే ఆ షరతు తీసేస్తాం అంటున్నారు కానీ రేటు ఎక్కువ. నాకైతే రెండోదే నయం అనిపిస్తోంది. ఆ మాట పాలసీలో రాసివ్వమని అడగొచ్చా? క్లెయిమ్ అప్పుడు మనం రాయించిన విలువ ఇస్తారా, ఆ రోజు మార్కెట్ ధర చూస్తారా? క్లెయిమ్ చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.