డెన్ హాగ్‌లో మూడు రోజులు: అమ్మతో, ఇద్దరు పిల్లలతో ఏం చూడొచ్చు?

జర్మనీగుంటూరోడు:
మేం డ్యూసెల్డార్ఫ్‌లో ఉంటాం. జూలైలో అమ్మని, పిల్లల్ని తీసుకుని నెదర్లాండ్స్‌లోని డెన్ హాగ్ (ది హేగ్) వెళ్దామనుకుంటున్నాం. పాపకి 9, బాబుకి 4. మ్యూజియంలో వాడు పది నిమిషాలు నిలబడితే గొప్ప, మా ఆవిడేమో వెర్మీర్ గీసిన ముత్యపు పోగు అమ్మాయిని చూడకుండా రానంటోంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. బీచ్‌కి ఒక రోజు పూర్తిగా పెట్టుకోవాలా?

ట్రామ్‌నంబర్9:
అక్కర్లేదండీ. జూలైలో పొద్దు గుంకేసరికి రాత్రి పది కావస్తుంది, సాయంత్రం ఐదు దాటాక సెంట్రల్ స్టేషన్ దగ్గర 9వ నంబర్ ట్రామ్ ఎక్కితే నేరుగా స్ఖేవెనింగెన్ బీచ్. కాకపోతే గాలి విపరీతం, నీళ్లు చల్లన, మన సూర్యలంక అనుకుని వెళ్లకండి, అమ్మగారికి స్వెటర్ తప్పనిసరి. ముత్యపు పోగు అమ్మాయి బొమ్మ ఉండే మౌరిట్స్‌హౌస్ మ్యూజియం చిన్నదే, గంటన్నరలో అయిపోతుంది, 18 ఏళ్లలోపు వాళ్లకి టికెట్ లేదు, సోమవారం మాత్రం మధ్యాహ్నం ఒంటిగంటకి గాని తెరవరు. అక్కడే రెంబ్రాంట్ 1632లో గీసిన శవం కోసే బొమ్మ ఉంది, మా వాడు దాని ముందు నుంచి కదల్లేదు, రాత్రి మాత్రం మా పక్కలో దూరాడు. ట్రామ్‌లో బ్యాంకు కార్డు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ఆనించాలి, ఒకే కార్డుతో ఇద్దరు కుదరదు.

ఆవకాయఅన్నం:
నాలుగేళ్ల పిల్లాడుంటే ముందు మదురోడామ్ అండీ! నెదర్లాండ్స్ మొత్తాన్ని ఇరవై ఐదో వంతుకి కుదించి పెట్టారు, రైళ్లూ పడవలూ కదులుతుంటాయి, మాకు పూట సరిపోలేదు. దాదాపు అంతా ఆరుబయటే, వానొస్తే తడవాల్సిందే. వాన రోజుకి పనోరమా మెస్డాగ్ దాచుకోండి: 1881 నాటి బొమ్మ, 14 మీటర్ల ఎత్తు, చుట్టుకొలత 120 మీటర్లు, మధ్యలో నిలబడితే మన చుట్టూ పాతకాలపు స్ఖేవెనింగెన్ సముద్రమే.

ఇక తిండి. సూరినామ్ (దక్షిణ అమెరికాలో ఒకప్పటి డచ్ వలస దేశం) వాళ్ల రోటీ షాపులు వెతకండి. 1873 నుంచి బిహార్, యూపీల వైపు నుంచి సూరినామ్ తోటల్లోకి కూలికి వెళ్లినవాళ్ల వారసులు ఈ ఊళ్లో చాలామంది. బంగాళాదుంప కూర, పొడుగు చిక్కుడుకాయలతో రోటీ ఇస్తారు, చికెన్, గుడ్డు వద్దని ముందే చెప్పండి. మా అత్తగారు మూడు పూటలూ అదే తిన్నారు.

జర్మనీగుంటూరోడు:
చాలా థ్యాంక్సండీ. జపనీస్ గార్డెన్ ఒకటుందట, కూర్చోడానికి బావుంటుందా?

ట్రామ్‌నంబర్9:
క్లింగెన్‌డాల్ పార్కులోదా? అది వసంతంలో కొన్ని వారాలు, ఆకురాలే కాలంలో కొన్నాళ్లే తెరుస్తారు, జూలైలో మూసే ఉంటుంది. దాని బదులు మదురోడామ్‌కి దగ్గర్లోనే వెస్ట్‌బ్రూక్ పార్క్, అప్పటికి గులాబీలు బాగా పూసుంటాయి. అమ్మగారు బెంచీ మీద, బాబు గడ్డిలో.

జర్మనీగుంటూరోడు:
సరే, అదే ఖాయం. అమ్మకి స్ఖేవెనింగెన్ అనడం నేర్పుతున్నా, నాలుగుసార్లు ప్రయత్నించి "ఆ గాలి సముద్రం అంటాలేరా" అంది.