లేత్ మోటర్‌కి ఓవర్‌లోడ్ రిలే ఒక్కటి చాలా, థర్మిస్టర్లు కూడా పెట్టించాలా?

బాలానగర్ జాబ్‌వర్క్: ఆల్ గేర్ లేత్, 5 హెచ్‌పీ, 415 వోల్టులు, డెల్టా కనెక్షన్. ప్లేటు మీద 7.5 ఆంప్స్. ఫార్వర్డ్, రివర్స్‌కి రెండు కాంటాక్టర్లు (మోటర్‌కి కరెంటు కలిపి, తెంచే స్విచ్చులు), 6–10 ఆంప్స్ రేంజి ఓవర్‌లోడ్ రిలే (కరెంటు సెట్టింగు మించితే మోటర్‌ని ఆపేది). మరలు కోసే పనిలో రిలే మాటిమాటికీ ట్రిప్ అవుతోందని డయల్ 9.5కి తిప్పారు. ఇప్పుడు మోటర్ రీవైండింగ్‌కి వెళ్లింది. వైండింగ్‌లోనే కూర్చుని వేడిని పట్టే థర్మిస్టర్లు వేయించమని ఒకరు, దండగ ఖర్చని ఇంకొకరు. ఏం చేయమంటారు?

ప్యానెల్ మేస్త్రి: దండగే. క్లాస్ 10 (ఎంత త్వరగా ట్రిప్ అవ్వాలో చెప్పే తరగతి) రిలే వేడి మీద ఉన్నప్పుడు సెట్టింగుకి ఒకటిన్నర రెట్లు పారితే 4 నిమిషాల్లోపు, 1.2 రెట్లయితే 2 గంటల్లోపు ట్రిప్ అవ్వాలి. డయల్ 7.5 మీద ఉంటే 11 ఆంప్స్‌కి నిమిషాల్లో ఆగేది. 9.5 మీద పెట్టాక అదే 11 ఆంప్స్ 1.16 రెట్లే. రెండు గంటలు గడిచినా ట్రిప్ అవుతుందన్న పూచీ లేదు. డయల్ తిప్పినవాణ్ణి వదిలేసి రిలేని తిడితే ఎలా? పనిలో పనిగా రిలే మీద 95–96 టెర్మినళ్లు (ట్రిప్ అయినప్పుడు తెరుచుకునే కాంటాక్ట్) కూడా చూడండి. చాలా ప్యానెళ్లలో వాటి మధ్య ఓ వైరు ముక్క కనిపిస్తుంది. అది ఉన్నంతకాలం రిలే ట్రిప్ అయినా కాంటాక్టర్ పడదు.

కాయిల్ పని: అన్నా, డయల్ ఎందుకు తిప్పారో కూడా చూడాలి కదా. మర కోసేటప్పుడు ఆపరేటర్ మోటర్ పూర్తిగా ఆగకుండానే రివర్స్ బటన్ నొక్కుతాడు. అలా ఒక్కసారి తిప్పితే రోటర్‌లో నాలుగు స్టార్టులంత వేడి పుడుతుంది. నిమిషానికి రెండు మూడుసార్లు అదే పని. రిలేలో ఉన్న బైమెటల్ రేకు (వేడికి వంగే రెండు లోహాల పట్టీ) చిన్నది, గబుక్కున వేడెక్కి గబుక్కున చల్లారుతుంది. మోటర్‌లోని రాగి, ఇనుము అలా కాదు. అందుకే ఒక్కోసారి మోటర్ బాగానే ఉన్నా రిలే ట్రిప్ అవుతుంది, ఒక్కోసారి వైండింగ్ ఉడుకుతున్నా ఊరుకుంటుంది. చిప్పులు, ఆయిల్ కలిసి ఫ్యాన్ కవర్ మూసుకుపోతే కరెంటు ఒక్క ఆంప్ కూడా పెరగదు, కానీ మోటర్ కాలుతుంది. దాన్ని పట్టేది థర్మిస్టరే. ఎటూ రీవైండింగ్ జరుగుతోంది కాబట్టి ఫేజుకొకటి చొప్పున మూడు, కాయిల్ తలల మధ్య దూర్చి కట్టించండి. వైండింగ్ ఇన్సులేషన్ క్లాస్ ఎఫ్ (ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే తరగతి) అయితే 145 డిగ్రీలవి చాలు.

ప్యానెల్ మేస్త్రి: ఫ్యాన్ కవర్ మాట ఒప్పుకుంటాను. కానీ చక్ పట్టేసి మోటర్ తిరగకుండా నిలబడితే? 45 ఆంప్స్ పారుతుంటే రాగి సెకన్లలో వేడెక్కుతుంది. థర్మిస్టర్ స్లీవు దాటి ఆ వేడి లోపలికి చేరేలోపే వార్నిష్ మాడుతుంది. అక్కడ ఆదుకునేది రిలేనే.

కాయిల్ పని: రిలే తీసేయమని నేనెక్కడన్నాను? రెండూ సిరీస్‌లో ఉండాలి. థర్మిస్టర్ రిలే కాంటాక్ట్‌ని 95–96తో వరసగా కలిపితే ఏది ముందు తెరుచుకున్నా కాంటాక్టర్ పడిపోతుంది.

మెయింటెనెన్స్ షిఫ్టు: ఇద్దరూ ఆగండి. కాలిన స్టేటర్ ఎవరైనా చూశారా? 4 పోల్ మోటర్‌లో 12 కాయిల్ గ్రూపులు. డెల్టాలో 4 గ్రూపులే నల్లబడి మిగతావి ఎర్రగా ఉంటే సప్లైలో ఒక ఫేజ్ పోయిందన్నమాట. స్టార్ మోటరైతే 8 నల్లబడతాయి. అన్నీ ఒకేలా మాడితే లోడో, గాలి ఆడకపోవడమో. ఫేజ్ పోయిన కేసైతే మీ వాదనంతా పక్కన పెట్టాలి. డెల్టాలో లైన్ కరెంటు సరిగ్గా 7.5 ఉన్నా ఒక ఫేజ్ కాయిళ్లలో మామూలు కన్నా 15 శాతం ఎక్కువ పారుతుంది. ఫేజ్ తేడా పట్టే బైమెటల్ రిలే ఉండాల్సిందే. వోల్టేజీ చూసే ప్రివెంటర్ (ఫేజ్ పోతే మోటర్‌ని ఆపే పరికరం) మీద పూర్తిగా ఆధారపడొద్దు. అది కాంటాక్టర్‌కి పైన ఉంటుంది, కింద కాంటాక్ట్ పాయింట్ ఒకటి మాడితే దానికి తెలియదు. పైన ఫ్యూజ్ పోయినా, తిరుగుతున్న మోటరే ఆ ఫేజ్‌లో వోల్టేజీ పుట్టించి దాన్ని ఏమారుస్తుంది. సీటీలతో (కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లతో) కరెంటు చూసేదైతే నయం.

బాలానగర్ జాబ్‌వర్క్: షాపువాళ్లు ఫోటో పంపారు. 12 గ్రూపులూ నల్లగానే ఉన్నాయి. 95–96 మధ్య వైరేమీ లేదు.

మెయింటెనెన్స్ షిఫ్టు: అయితే ఫేజ్ గొడవ కాదు. ఫ్యాన్ కవర్ విప్పి చూడండి.

ప్యానెల్ మేస్త్రి: సరే, ఈ లేత్‌కి థర్మిస్టర్లు వేయించుకోండి. డ్రిల్లింగ్ మిషన్‌కీ గ్రైండర్‌కీ మాత్రం నా మాట మారదు. రిలే డయల్ 7.5కి దించండి, రీసెట్ చేత్తో నొక్కేదిగానే ఉంచండి. మోటర్ పూర్తిగా ఆగేవరకు రివర్స్ కాంటాక్టర్ పట్టకుండా ఒక టైమర్ పెట్టండి. ముందు స్పిండిల్ ఎన్ని సెకన్లలో ఆగుతుందో కొలిచి దానికన్నా కాస్త ఎక్కువ పెట్టాలి. ఆపరేటర్ గొణుక్కుంటాడు, గొణుక్కోనివ్వండి.

కాయిల్ పని: ఇంకోటి. మోటర్ వచ్చాక థర్మిస్టర్ వైర్ల రెండింటి మధ్య మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటర్) పెట్టొద్దు, పెడితే అవి అక్కడికక్కడే పోతాయి. 2.5 వోల్టులు మించని మల్టీమీటర్‌తో చూడండి. చల్లగా ఉన్నప్పుడు మూడూ కలిపి 750 ఓమ్‌ల లోపు చూపించాలి. మెగ్గర్ పెట్టేటప్పుడు ఆ రెండు వైర్లనీ కలిపి మెలేసి, వైండింగ్‌కీ వాటికీ మధ్య మాత్రమే కొట్టాలి.